304, కిటికీ పక్క మంచం

సంపాదకులు గారికి,

నమస్కారం. ఉత్తరాల శీర్షిక కింద మీరు చిన్న అక్షరాల్లో ఒక మాట వేస్తారు, రాసేవాళ్లు పూర్తి పేరు, చిరునామా, ఫోన్ నంబరు తప్పనిసరిగా పంపాలని. ఆ మాట దగ్గరే నేను నాలుగు రోజులు ఆగిపోయాను. పేరుంది, ఫోనుంది. చిరునామా ఏది రాయాలి? ఆధార్‌లో ఉన్నది శ్రీకాకుళం జిల్లాలో, పలాస దగ్గర మా పల్లె. అక్కడ ఏడాదికి పట్టుమని పదిహేను రోజులు కూడా ఉండను. ఉంటున్నది హైదరాబాద్ ఎస్సార్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్. మూడో అంతస్తు, 304, కిటికీ పక్క మంచం. ఈ ఊరొచ్చి రెండేళ్లు దాటింది. ఇక్కడ ఉన్నానని చెప్పే కాగితం ముక్క ఒక్కటీ నా దగ్గర లేదు. ఈ ఉత్తరం దాని గురించే.

2023 జులైలో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాను. బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) రిజల్ట్ వచ్చి నెల కూడా కాలేదు. మా కాలేజీ సీనియర్ ఒకమ్మాయి, అమీర్‌పేటలో నాలుగు నెలలు మెడికల్ కోడింగ్ నేర్చుకుంటే బీజెడ్‌సీ వాళ్లకు ఉద్యోగం వస్తుందని చెప్పింది. ఇంట్లో పీజీ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మాకు ఎకరంన్నర జీడి తోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే తోట తోటంతా వేళ్లు పైకి పెట్టుకుని పడుకుంది. అప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరం. నాన్న మళ్లీ మొక్కలు పెట్టాడు గానీ, జీడి మొక్క చేతికొచ్చేదాకా ఇల్లు ఆగదు కదా. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి వెళ్లడం మొదలుపెట్టింది. కిలో లెక్కన కూలి.

అమ్మ గురించి ఒక విషయం చెప్పాలి. ఆమెకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కానీ ఫ్యాక్టరీలో రోజూ తూకం వేసి రాసిచ్చే చీటీ ఒక్కటి కూడా పారేయదు. పాత చీర కొంగు చింపి మూటకట్టి బియ్యం డబ్బా వెనక పెడుతుంది. తుపాను తర్వాత నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు పట్టాదారు పాస్‌బుక్ అడిగారు, పడిన చెట్లు తర్వాత చూశారు. మా పక్క చేను కౌలుకు చేసుకునే ఆయన పడిపోయిన చెట్టు మీదే కూర్చుని ఉన్నాడు, ఆయన పేరు రాసుకోలేదు. అమ్మ ఆ రోజు చూసింది. ఆ తర్వాతే ఈ మూట.

నేను హాస్టల్‌లో చేరిన రాత్రి ఫోన్ చేస్తే తిన్నావా అని అడగలేదు. "డబ్బులు కట్టినావు కదా, కాయితం ఏటైనా ఇచ్చినారా?" అంది. లేదమ్మా, రిజిస్టర్‌లో రాసుకున్నారు అన్నాను. "ఆల్ల పుస్తకంలో ఆల్లు రాసుకుంటే నీకేటి?" అంది. నాకు చిరాకేసింది. హైదరాబాద్ అంటే మన ఊరు కాదమ్మా, ఇక్కడ అన్నీ ఫోన్‌లోనే అని పెట్టేశాను.

ఆ మొదటి హాస్టల్ బల్కంపేట వైపు. ఫోర్ షేరింగ్, నెలకు 6,000, అడ్వాన్సు 3,000. ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు, నాన్న ఫోన్ నంబరు తీసుకున్నారు. నాకు ఇచ్చింది ఒక తాళం చెవి. ఇనప మంచం, దాని కింద పెట్టె, గోడకి ఒక మేకు. ఆ మేకు నాదేనని పక్కమంచం అక్క ముందే చెప్పింది, మిగతా మూడు మేకులూ ఎవరివి వాళ్లవి. ఆ అక్కది నిజామాబాద్. ఇంకో ఇద్దరిలో ఒకరిది ఖమ్మం, ఒకరిది అనంతపురం. నేను "ఏటి" అన్నప్పుడల్లా ముగ్గురూ నవ్వేవాళ్లు. పుంటికూర అంటే గోంగూరేనని తెలియడానికి నాకు ఒక పూట భోజనం పోయింది, తెలియని కూరేదో అనుకుని పెరుగన్నం తిన్నాను. ఆదివారం మధ్యాహ్నం చికెన్ పెడతారు, ఆ రాత్రి వంట ఉండదు. అందుకని నలుగురం చికెన్ ముక్కలు గిన్నెలో దాచుకుని రాత్రికి బ్రెడ్‌తో తినేవాళ్లం. ఇవన్నీ కష్టాలని రాయడం లేదు. నాకు ఆ గది బాగానే నచ్చింది.

దారులు తెలియక పడిన పాట్లు కూడా చాలానే ఉన్నాయి. ఒకటి చెప్తాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రెండు లైన్లు కలుస్తాయి, ఒకదాని మీద ఒకటి అంతస్తులు. ఇంటర్వ్యూకి రాయదుర్గం వైపు వెళ్లాల్సినదాన్ని నాగోల్ వైపు ఎక్కాను. అందరూ ఎక్కుతున్నారు కదా అని నేనూ ఎక్కాను, అంతే. బయటకు చూస్తే సికింద్రాబాద్ ఈస్ట్. అంటే రైలు దిగి ఊళ్లోకి వచ్చిన చోటికే మళ్లీ వచ్చేశాను. ఇంటర్వ్యూ పోయింది. ఆ రోజు స్టేషన్ మెట్ల మీద కూర్చుని, ఈ పక్కనే రైలుంది, ఎక్కేస్తే రేపటికి పలాస అని ఒక్క పది నిమిషాలు అనుకున్నాను. ఫోన్‌లో చార్జింగ్ నాలుగు శాతం ఉంది. టికెట్టు బుక్ చేసేలోపు ఆగిపోతుందని వెనక్కి మెట్రో ఎక్కాను.

నవంబరు ఆఖర్లో ఉద్యోగం వచ్చింది. మెడికల్ కోడింగ్ అంటే చాలామంది కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అనుకుంటారు, మా నాన్నకు ఇప్పటికీ అదే. అమెరికా ఆస్పత్రుల్లో డాక్టర్లు రోగి గురించి రాసిన నోట్స్ చదివి, ప్రతి జబ్బుకీ ప్రతి చికిత్సకీ కోడ్ నంబరు వెయ్యాలి. ఇన్సూరెన్సు వాళ్లు ఆ కోడ్లను బట్టే డబ్బులిస్తారు. కోచింగ్‌లో మా సార్ రోజుకు పదిసార్లు ఒకటే మాట చెప్పేవారు: రాసి లేకపోతే జరగనట్టే. డాక్టరు ఆపరేషన్ చేసి ఉండొచ్చు, రోగి బతికి ఉండొచ్చు, నోట్స్‌లో లేకపోతే మనం కోడ్ వెయ్యకూడదు. అమ్మ చీటీల మూట గురించి నాకు మొదటిసారి అర్థమైంది ఆ క్లాసులోనే.

ఈ కోడ్లలో జబ్బులే కాదు, మనిషి పరిస్థితి చెప్పేవీ ఉంటాయి. జెడ్59 అని మొదలయ్యేవి ఇంటికి, డబ్బుకు సంబంధించినవి. జెడ్59.02 అంటే తలదాచుకునే చోటు కూడా లేక బయట ఉండేవాళ్లు. జెడ్59.01 అంటే సొంత చోటు లేకపోయినా ఏదో నీడన ఉండేవాళ్లు, షెల్టర్‌లో గానీ తెలిసినవాళ్ల ఇంట్లో సర్దుకుంటూ గానీ. నైట్ షిఫ్టులో ఈ కోడ్ వేసినప్పుడల్లా నాకో ఆలోచన వచ్చేది. ఎక్కడో అమెరికాలో స్నేహితుడి సోఫా మీద పడుకునే మనిషి సంగతి కాగితం మీద ఉంది. దానికో నంబరుంది, హైదరాబాద్‌లో కూర్చుని ఆ నంబరు వేసేది నేను. నన్ను వెయ్యడానికి మాత్రం ఎక్కడా గడి లేదు.

ఉద్యోగంలో చేరిన రెండో వారం, 2023 డిసెంబరు 9న, తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచితం. కార్డులు చూసి టికెట్లివ్వడం మొదలయ్యాక నలుగురం కలిసి 10హెచ్ ఎక్కితే నిజామాబాద్ అక్కకీ ఖమ్మం అమ్మాయికీ జీరో టికెట్లు, నాకూ అనంతపురం అమ్మాయికీ డబ్బుల టికెట్లు. గుర్తింపు కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలన్నది నిబంధన. కండక్టరమ్మ తప్పేం లేదు, పాపం ఆమెకు ఆ రద్దీలో కార్డులు చూడటమే పెద్ద పని. పథకం తప్పని కూడా అనను. ఒక రాష్ట్రం తన వాళ్లకు ఇచ్చుకుంటుంది. మా అక్క నెలకు మిగిలిన డబ్బుతో తమ్ముడికి ట్యూషన్ ఫీజు కట్టేది, చూశాను కదా. నేను మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ తీసుకునేదాన్ని, అప్పుడు 1,300. 2025 జూన్‌లో 1,600 అయింది.

ఒక్కటి మాత్రం గుచ్చుకుంటుంది. నా జీతం కాగితంలో ప్రొఫెషన్ ట్యాక్స్ అని ఒక వరస ఉంటుంది. మొదటి ఉద్యోగంలో నెలకు 150, జీతం 20,000 దాటాక 200. ఇది తెలంగాణ ప్రభుత్వానికి వెళ్లే పన్ను. అది కోసేటప్పుడు నీ ఆధార్ ఏ ఊరిదమ్మా అని ఎవరూ అడగలేదు. ఇక్కడ పనిచేస్తున్నావు కాబట్టి ఇక్కడ కట్టాలి, అంతే. న్యాయమే. మరి ఇక్కడ పనిచేసేదాన్ని ఇక్కడ ఉన్నట్టు కాదా?

సరే, ఆధార్‌లో చిరునామా మార్చుకుంటే పోతుంది కదా అంటారు. నేనూ అదే అనుకున్నాను. ఒక శనివారం ఆధార్ కేంద్రానికి వెళ్లాను. నా పేరున కరెంటు బిల్లు ఉందా అన్నారు. లేదు. గ్యాస్ బిల్లు? లేదు. రెంటల్ అగ్రిమెంట్? మంచానికి అగ్రిమెంట్ ఎవరు రాస్తారు? అక్కడి కుర్రాడు మంచివాడే, ఒక ఫారం ప్రింట్ తీసిచ్చాడు. దాని మీద గెజిటెడ్ అధికారో ప్రజాప్రతినిధో సంతకం పెట్టి ఫలానా వ్యక్తి ఇక్కడే ఉంటోందని రాస్తే చాలన్నాడు. ఆ ఫారం మీద ఫొటో అంటించుకుని ఒక కార్పొరేటర్ గారి ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. మూడోసారి ఆయన దగ్గర పనిచేసే మనిషి సూటిగా అడిగాడు, "నీ ఓటు ఈ వార్డులో ఉందా?" లేదండీ, ఓటుకు చిరునామా కావాలి కదా అన్నాను. "అయితే ముందు ఓటు తెచ్చుకో, సంతకం అప్పుడు చూద్దాం" అన్నాడు.

ఓటు సంగతి చదివితే ఇంకో వింత తెలిసింది. ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు ఓటు కోసం దరఖాస్తు పెట్టుకుంటే వాళ్లకు చిరునామా కాగితం అక్కర్లేదు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట అక్కడికి వెళ్లి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూసి రాసుకోవాలని ఎన్నికల సంఘం నియమం పెట్టింది. ఎంత బాగుందో! నాకు చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. తర్వాత నవ్వొచ్చింది. అయ్యా, మా హాస్టల్‌కి కూడా ఒక రాత్రి రండి. పదిన్నరకి గేటు వేశాక వచ్చి ఒక్కో అంతస్తూ ఎక్కి మంచాలు లెక్కపెట్టుకోండి. అందరం అక్కడే ఉంటాం.

ఇంటి దగ్గర అమ్మ భయం వేరు. ఆధార్ మారిస్తే రేషన్ కార్డులో పేరు పోతుందేమోనని. దానికి తోడు 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీ శక్తి పేరుతో ఉచిత బస్సు వచ్చింది. వినాయక చవితికి వెళ్లినప్పుడు పలాస నుంచి మా ఊరి పల్లెవెలుగు ఎక్కాను. కార్డు చూపించగానే జీరో టికెట్టు చింపి చేతిలో పెట్టారు. ఏడాదికి రెండుసార్లు ఎక్కే బస్సులో ఉచితం, రోజూ ఎక్కే బస్సులో కాదు. టికెట్టు మడిచి పర్సులో పెట్టుకున్నాను. అమ్మ పోలిక వచ్చేస్తున్నట్టుంది.

ఇంతవరకూ చెప్పినవి బస్సు డబ్బుల సంగతులు. అసలు దెబ్బ 2025 ఫిబ్రవరిలో తగిలింది.

మొదటి హాస్టల్ నేను 2024 మార్చిలోనే వదిలేశాను. వెళ్లేముందు నెల ముందుగా చెప్పాలన్నారు, ఫిబ్రవరి నెలాఖరున నోటితో చెప్పాను. వెళ్లే రోజు అడ్వాన్సు అడిగితే ఓనరు గారు ఆశ్చర్యపోయారు. "ఎప్పుడు చెప్పావమ్మా? మెయింటెనెన్స్ ఎట్లాగూ పోతుంది, నోటీసు లేదు కాబట్టి మిగతాదీ పోతుంది" అన్నారు. మూడు వేలు. ఆ రాత్రి అమ్మకు చెప్పలేదు, చెబితే ఏమంటుందో తెలుసు.

ఇప్పటి హాస్టల్ ఎస్సార్ నగర్‌లో. ఇక్కడ 6,500, ఫోన్‌లోనే కడతాను. ఈసారి రికార్డు ఉంటుందని ధీమాగా ఉన్నాను. ఫిబ్రవరిలో నాకు ఇంకో కంపెనీలో మంచి జీతానికి ఆఫర్ వచ్చింది. చేరేముందు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తారు, ఇప్పుడు ఉంటున్న చిరునామా రాయమన్నారు, హాస్టల్ పేరూ గది నంబరూ రాశాను. వెరిఫికేషన్ మనిషి ఉదయం పదకొండింటికి వచ్చాడట. ఆ టైముకి మేమందరం ఆఫీసుల్లో ఉంటాం. వాచ్‌మన్ కొత్త. నా పేరు చెబితే తెలియదన్నాడు. తెలియకపోవడం నిజమే, అతనికి నేను "304 శ్రీకాకుళం". మా గదిలో ఇంకొకరు "304 అద్దాల మేడమ్". ఓనరు గారికి ఫోన్ చేస్తే, ఎవరో ఆరా తీస్తున్నారు, పోలీసులో ట్యాక్సు వాళ్లో అని భయపడి, ఆ పేరు గల వాళ్లెవరూ లేరని చెప్పేశారు. రాత్రి భోజనాల దగ్గర నాకే ఆ సంగతి చెప్పారు, ఎవరో వచ్చి నీ గురించి అడిగారమ్మా, లేవని చెప్పి పంపించేశాం, టెన్షన్ పడకు అని! నన్ను కాపాడానని ఆమె నిజంగానే అనుకుంటున్నారు.

రెండు రోజుల తర్వాత కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇచ్చిన చిరునామాలో అభ్యర్థి నివాసం ఉంటున్నట్టు నిర్ధారణ కాలేదు. నేను పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి ఉన్నాను.

ఫోన్‌లో కట్టిన డబ్బుల స్టేట్‌మెంట్ తీశాను. చూస్తే, పదకొండు నెలలుగా నేను ప్రతి ఒకటో తారీఖునా 6,500 ఒక కిరాణా జనరల్ స్టోర్‌కి కట్టాను. ఓనరు గారి బావమరిది షాపు అది, గేటు దగ్గర అంటించిన క్యూఆర్ కోడ్ ఆయనది. ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆ లెక్కన నేను ఎస్సార్ నగర్‌లో 71,500 రూపాయల పప్పూ ఉప్పూ కొన్నాను. కంపెనీ వాళ్లకు ఇది పంపితే ఏమనుకుంటారు, ఒక్కతే ఇన్ని పప్పులు ఏం చేసుకుందని కదా.

ఓనరు గారిని బతిమాలాను, ఒక్క కాగితం రాసివ్వండి, ఫలానా అమ్మాయి ఏప్రిల్ నుంచి ఇక్కడ ఉంటోంది, నెలకు ఇంత కడుతోంది, అంతే అని. కాగితం అనగానే ఆమె ముఖం మారిపోయింది. "బిల్లు ఇస్తే జీఎస్టీ కట్టాలమ్మా, ఆ భారం మళ్లీ మీమీదే పడుతుంది" అన్నారు. అప్పుడు నమ్మాను. తర్వాత నెట్‌లో వెతికితే తెలిసింది, 2024 జూన్‌లో జరిగిన 53వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశంలోనే దీని మీద నిర్ణయం అయిపోయింది. మనిషికి నెలకు 20,000 మించకుండా, వరసగా 90 రోజులకు తక్కువ కాకుండా ఉంటే హాస్టల్ వసతికి జీఎస్టీ లేదు. మా ఫోర్ షేరింగులకు ఆ గోలే లేదన్నమాట. ఫోన్‌లో ఆ వార్త చూపించాను. ఆమె అద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. "ఇవన్నీ చదువుతావు కాబట్టే నీకు ఉద్యోగాలు వస్తున్నాయి" అని ఫోన్ తిరిగి ఇచ్చారు. కాగితం ఇవ్వలేదు.

చివరికి ఎలా తేలిందంటే, కంపెనీ వాళ్లు ఫోన్‌కి ఒక లింకు పంపారు. హాస్టల్ గేటు ముందు నిలబడి, బోర్డు కనిపించేలా ఫొటో దిగాలి, లొకేషన్ ఆన్‌లో ఉండాలి. రాత్రి తొమ్మిదింటికి, బోర్డులో సగం ట్యూబ్‌లైట్ వెలుగుతూ సగం ఆరుతూ ఉంటే, దాని కింద నిలబడి దిగాను. మనిషి చెబితే నమ్మలేదు, ఫోన్ చెబితే నమ్మారు. చేరడం పన్నెండు రోజులు ఆలస్యమైంది. ఆ పన్నెండు రోజుల జీతం ఏ కిరాణా ఖాతాలో రాసుకోవాలో తెలియదు.

ఇల్లు అద్దెకు తీసుకోవచ్చు కదా అని మీ పాఠకులు అడుగుతారు. ముగ్గురం కలిసి ఒక నెలంతా ఆదివారాలు టూలెట్ బోర్డులు చూస్తూ తిరిగాం. ఫ్యామిలీకే అన్నవాళ్లు కొందరు. మాంసం వండుతారా అని అడిగినవాళ్లు, మీరేవిట్లు, అంటే ఏ కులం అని తిన్నగానే అడిగేసినవాళ్లు ఇంకొందరు. ఒకాయన మాత్రం సరేనన్నారు గానీ అగ్రిమెంట్ అడిగితే, రాసిస్తే రేపు ఖాళీ చేయరని భయపడ్డారు. అంటే కాగితం కోసం హాస్టల్ వదిలి, ఇంట్లోనూ కాగితం లేకుండా ఉండాలి. ఖమ్మం అమ్మాయి ఇంకో చోట అలాగే ఒక గది తీసుకుంది. దాని పుణ్యాన ఒక సంగతి తెలిసింది, ఐదు కిలోల ఛోటూ సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, చిరునామా రుజువు అడగరు. ఆ ఏర్పాటు చేసినవాళ్లెవరో గానీ మాలాంటివాళ్లను ఎప్పుడో దగ్గరగా చూసి ఉంటారు.

నేను అడిగేది పెద్దదేం కాదు. హాస్టల్ రేట్లు తగ్గించమనట్లేదు, ఉచిత బస్సు మాకూ కావాలని ధర్నా చేయట్లేదు. డబ్బు కట్టిన ప్రతి మనిషికీ ఆ నెల రసీదు ఇవ్వాలి. దాని మీద ఉండే మనిషి పేరు, హాస్టల్ చిరునామా, ఎప్పటి నుంచి ఉంటోందో తారీఖు, కట్టిన అడ్వాన్సు ఎంతో ఉండాలి. ఆ రసీదును చిరునామాకు రుజువుగా ఆధార్ కేంద్రాలూ ఓటరు నమోదు చేసేవాళ్లూ ఒప్పుకోవాలి. ఇది జరగాలంటే ముందు నగరంలో ఏ సందులో ఏ హాస్టల్ ఉందో ప్రభుత్వానికి లెక్క ఉండాలి. తమిళనాడులో ఆడవాళ్ల, పిల్లల హాస్టళ్లకు 2014లోనే చట్టం చేశారు, లైసెన్సు లేకుండా నడపకూడదు. బెంగళూరులో 2024లో నగరపాలిక పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టళ్లకు నియమాలు పెట్టింది, మనిషికి కనీసం 70 చదరపు అడుగులు ఉండాలన్నది అందులో ఒకటి. అది చదివి మేం స్కూలు స్కేలుతో 304 కొలిచాం. నలుగురి మంచాల మధ్య ఎంత ఖాళీ ఉందో రాసి పంపితే మా ఓనరు గారికి మా గది నంబరు దొరికిపోతుంది, అందుకని రాయట్లేదు. ఓహో, గది నంబరు ఇప్పటికే రాసేశాను కదూ. దాన్ని మీరు మార్చి వేసుకోండి.

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మధురానగర్, కూకట్‌పల్లి వైపు సాయంత్రం పూట ఒక్కసారి నడిచి చూడండి. ప్రతి కరెంటు స్తంభానికీ హాస్టల్ కాగితాలే. ప్రతి జూన్, జులైలో చేతిలో ట్రాలీ బ్యాగు, భుజాన ఊరగాయ సంచి వేలాడేసుకుని కొత్త పిల్లలు దిగుతూ ఉంటారు. మొన్న మా గదిలోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. బొబ్బిలి. మేకు ఏదో చూపించాను. వాళ్ల నాన్నగారు కింద అడ్వాన్సు కడుతుంటే నేనే మెట్లు దిగి వెళ్లి, "బాబాయ్, ఏదైనా రాసిమ్మని అడగండి" అన్నాను. ఆయన నా వైపు, ఓనరు గారి వైపు చూసి, "మన పిల్లలే కదమ్మా, ఎందుకులే, బాగోదు" అన్నారు. ఓనరు గారు నవ్వారు. ఆయన కిరాణా షాపు క్యూఆర్ కోడ్‌కి ఫోన్ చూపించారు.

నా పేరు, హాస్టల్ పేరు అచ్చు వెయ్యొద్దని మనవి. మార్చి దాకా ఇక్కడే ఉండాలి, అడ్వాన్సు 4,000 వాళ్ల దగ్గరే ఉంది. చిరునామా మాత్రం మీ నిబంధన ప్రకారం పంపుతున్నాను. రెండూ రాస్తున్నాను, మీకు ఏది చెల్లుతుందో అది ఉంచుకోండి. ఉత్తరం అచ్చయితే పత్రిక కాపీ ఒకటి రెండో చిరునామాకు పోస్టులో పంపగలరా? కవరు మీద నా పేరు, ఈ వీధి పేరు టైపు చేసి, తపాలా ముద్ర పడి వస్తే, దాన్ని దాచుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పలాస మండలం, శ్రీకాకుళం జిల్లా (ఆధార్ ప్రకారం)
ఎస్సార్ నగర్, హైదరాబాద్ (మంచం ప్రకారం)